గుంటూరులో అమ్మకాలు పడిపోయాయన్నారు

మాది విజయవాడలో వ్యవసాయ మోటార్లు, పంపులు అమ్మే సంస్థ. రెండు రాష్ట్రాల్లోనూ డీలర్లున్నారు. ఆర్డర్లన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. ఏ లెక్క కావాలన్నా సేల్స్ మేనేజర్ గారు నాకే ఫోన్ చేసేవారు. ఆ ఫోన్ల బాధ తప్పుతుందని, ఆయన అడిగిన లెక్క డేటాబేస్‌లో చూసి చెప్పే ఏఐ ఏజెంట్ ఒకటి తయారు చేశాను. కోడ్ రెండు రోజుల్లో అయిపోయింది. దాని టూల్స్‌కి, అంటే డేటాబేస్‌లోంచి లెక్కలు తేవడానికి అది పిలిచే చిన్న ప్రోగ్రాములకి, వివరణలు రాయడానికి ఆరు వారాలు పట్టింది.

ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్ మన కోడ్‌ని చూడదు. దానికి కనిపించేవి మూడే: టూల్ పేరు, వివరణ, ఏయే విలువలు పంపాలో చెప్పే స్కీమా. ఏఐని బయటి టూల్స్‌తో కలపడానికి 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ తెచ్చిన ఎంసీపీ పద్ధతిలోనూ ఇంతే. ఇది తెలిసి కూడా నా మొదటి టూల్‌కి రాసిన వివరణ రెండే మాటలు: "ఆర్డర్లు తెస్తుంది." (అసలు రాసింది ఇంగ్లిష్‌లో, ఇక్కడ తెలుగులో చెబుతున్నా.)

మూడో రోజే ఫోన్. "ఏమయ్యా, గుంటూరులో ఎవరూ మోటార్లు కొనట్లేదా? 2021తో పోలిస్తే సగం కూడా లేదంటోంది నీ ఏజెంట్."

"చూసి చెప్తానండీ" అన్నాను. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి.

ఏజెంట్ డేటాబేస్‌ని అడిగిన ప్రశ్నలో (క్వెరీలో) తప్పేమీ లేదు. జిల్లా పేరు గుంటూరు అని ఉన్నవన్నీ తీసి కూడింది. కానీ 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నరసరావుపేట పల్నాడులోకి, రేపల్లె బాపట్లలోకి వెళ్లాయి. మా పాత ఆర్డర్లలో పాత జిల్లా పేరే ఉండిపోయింది, కొత్తవాటిలో కొత్త పేరు పడుతోంది. 2016లో తెలంగాణ జిల్లాలు మారినప్పుడూ ఇదే జరిగింది. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే. అందరికీ తెలుసు కాబట్టే ఎక్కడా రాసి లేదు.

ఆ రాత్రే వివరణ మార్చాను: "జిల్లా అంటే ఆర్డర్ పడిన రోజున ఉన్న జిల్లా. జిల్లాలు మారకముందు, మారిన తర్వాత లెక్కలు పోల్చాలంటే ఈ టూల్ వాడొద్దు, పిన్‌కోడ్ టూల్ వాడు." ఎప్పుడు వాడకూడదో చెప్పిన ఆ రెండో వాక్యమే ఎక్కువ పని చేసింది.

తర్వాత డబ్బు. మొత్తాలు మేం పైసల్లో దాస్తాం. 4,20,000 రూపాయల అమ్మకాన్ని ఏజెంట్ 4.2 కోట్లు చేసింది. మేనేజర్ గారు దీనికి మాత్రం ఫోన్ చేయలేదు, మురిసిపోయి పై వాళ్లకు పంపేశారు. ఆపైన టైమ్. డేటాబేస్‌లో సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. టార్గెట్ కోసం మార్చి 31 రాత్రి డీలర్లు ఆర్డర్ల మీద ఆర్డర్లు వేస్తారు. పన్నెండు దాటాక పడ్డవి కూడా ఏజెంట్ మార్చిలోనే కలిపేసింది.

దెబ్బకి భయపడి ప్రతిదీ వివరణలో కుక్కాను. రెండు పేజీలైంది. అప్పుడింకో చిక్కు: ఆర్డర్లు తెచ్చే టూల్, ఆర్డర్లు వెతికే టూల్ అని రెండుండేవి. ఎప్పుడు దేన్ని పిలవాలో ఏజెంట్‌కి అర్థం కాలేదు. నన్ను నేను అడిగి చూసుకున్నాను, నాకూ తెలియలేదు! రెండూ కలిపి ఒకటే చేశాను, వివరణ పదిహేను లైన్లకు దించాను.

ఇక అనంతపురం. మా టేబుల్‌లో అనంతపూర్, అనంతపురం, అనంతపురము అని మూడు రకాలుగా ఉంది. ఏజెంట్ నాలుగో స్పెల్లింగ్ పంపింది, ఏమీ రాలేదు, "అక్కడ అమ్మకాలు లేవు" అని ధీమాగా చెప్పింది. ఇది వివరణతో తీరే జబ్బు కాదు. స్కీమాలోనే జిల్లా పేర్ల జాబితా పెట్టాను. ఖాళీ జాబితా ఇచ్చే బదులు "ఆ పేరుతో జిల్లా లేదు, దగ్గరగా ఉన్నవి ఇవి" అని టూల్ జవాబిచ్చేలా మార్చాను. మేనేజర్ గారు వాట్సాప్‌లో పాత రోజుల్లో అడిగిన ముప్పై ప్రశ్నలు ఏరి పెట్టుకుని, వివరణలో ఒక మాట మార్చినా ముప్పైనీ మళ్లీ అడిగించేవాణ్ణి.

అన్నీ సరిగ్గా వస్తున్నాయనిపించాక, వివరణల ప్రింట్ తీసి మా అకౌంట్స్ పెద్దాయనకిచ్చాను. పాతికేళ్ల సర్వీసు ఆయనది, కంప్యూటర్‌లో చదవమంటే విసుక్కుంటారు. సాయంత్రానికి ఎర్ర పెన్నుతో పదకొండు చోట్ల రాసి తెచ్చారు. ఏడు నాకు తెలిసినవే, రాయడం మర్చిపోయినవి. మిగతా నాలుగు తెలియవు.

"ఈ ఆరో నంబర్ స్టేటస్ ఉంది చూశావూ బాబూ, అది అమ్మకం కాదు. బకాయి కట్టలేదని ఆపేసిన ఆర్డర్" అన్నారు.

వివరణలో ఆ లైన్ చేర్చాను. ఎనిమిదేళ్లుగా నేను చేత్తో తయారు చేసి పంపిన ప్రతి నెలా రిపోర్ట్‌లోనూ ఆరో నంబర్ అమ్మకాల్లోనే ఉంది. మేనేజర్ గారికి ఇంకా చెప్పలేదు.