మా పాప మెడ కుడికి తిరిగిన ఏడాది

మా పాప తల ఎప్పుడూ కుడి భుజం వైపు వంగి, గడ్డం ఎడమకి తిరిగి ఉండేది. పుట్టిన కొత్తలో పసిపిల్లలందరూ ముడుచుకునే పడుకుంటారు కాబట్టి ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. నాకు పాలిచ్చేటప్పుడు తెలిసింది. కుడి వైపు పెట్టుకుంటే హాయిగా తాగేది, ఎడమ వైపు పెట్టుకోగానే పట్టు వదిలేసి వెనక్కి విరుచుకుని ఒకటే ఏడుపు. ఆ వైపు పాలు తక్కువేమో అన్నారు అందరూ. పిండి చూస్తే పాలకేం లోటు లేదు. అదే ఎడమ వైపు పిల్లని చంక కింద నుంచి, కాళ్ళు నా వీపు వైపు వచ్చేలా పట్టుకుంటే చక్కగా తాగుతోంది, ఎందుకంటే అలా పట్టుకుంటే తను మెడ కుడికి తిప్పక్కర్లేదు. అంటే ఇబ్బంది పాలలో కాదు, మెడలో ఉంది.

నెలన్నర టీకాలకి తీసుకెళ్ళినప్పుడు ఇదంతా డాక్టర్ గారికి చెప్పాను. "పిల్లలు అలాగే ఉంటారమ్మా, మెడ నిలిస్తే అదే సర్దుకుంటుంది" అన్నారు. మెడ మీద చెయ్యి వేసి చూడలేదు, తల అటూ ఇటూ తిప్పి చూడలేదు. ఆ మాట నమ్మి ఇంకో మూడు వారాలు ఊరుకున్నాం. దాని మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, ఎందుకో కింద చెప్తాను.

అప్పుడు నేను తెనాలిలో పుట్టింట్లో ఉన్నాను. ఓ రోజు మా అమ్మ స్నానానికి ముందు నూనె రాస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, కుడి వైపు మెడ మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ వేలు పెట్టి చూసింది. నా వేలు కూడా పట్టుకుని అక్కడ పెట్టించింది. చర్మం కింద రేగిపండంత గట్టిగా తగిలింది. మెడలో గడ్డ అనగానే మనసు ఎక్కడెక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు కదా. ఆ రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. మా ఆయన హైదరాబాద్ నుంచి తెల్లవారేసరికి దిగారు. గుంటూరులో వేరే పిల్లల డాక్టర్‌కి చూపిస్తే ఆవిడ చేత్తో చూసి, మెడకి స్కానింగ్ చేయించి, ఇది భయపడే గడ్డ కాదు, కండరంలోనే ఒక భాగం గట్టిపడింది అన్నారు. దీన్ని టార్టికాలిస్ అంటారట.

మన మెడకి రెండు పక్కలా చెవి వెనక ఎముక దగ్గర మొదలై కింద కాలర్ బోన్ దాకా ఏటవాలుగా దిగే కండరం ఒకటి ఉంటుంది. కుడి వైపు కండరం బిగిస్తే తల కుడి భుజం మీదకి వంగుతుంది, ముఖం మాత్రం ఎడమకి తిరుగుతుంది. మా పాపకి కుడి వైపుది పొట్టిగా, గట్టిగా అయిపోయింది. కడుపులో ఇరుగ్గా ఉండిపోయినా, ఎదురుకాళ్ళతో ఉన్నా, కాన్పు కష్టమైనా ఇలా రావచ్చట. మా పాప ఎదురుకాళ్ళే, సిజేరియన్ చేశారు. ఈ మెడ సమస్య ఉన్న కొందరు పిల్లల్లో తుంటి కీలు కూడా సరిగ్గా కూర్చోదని డాక్టర్ గారు తుంటికి కూడా స్కానింగ్ రాశారు. దేవుడి దయవల్ల అది బాగానే ఉంది. కళ్ళు, మెడ ఎముకలు, నరాల పనితీరు కూడా చూశారు, ఎందుకంటే మెడ వంకరగా ఉన్నవన్నీ కండరం వల్లే రావు, మెల్లకన్ను ఉన్నా, వెన్నెముకలో తేడా ఉన్నా కూడా పిల్లలు తల అలా పెడతారు. అందుకే ముందు డాక్టర్ చూశాకే ఎక్సర్‌సైజులు.

మందు ఏదీ లేదు, ఫిజియోథెరపీ ఒక్కటే అన్నారు. మూడు నెలలు కూడా నిండని బిడ్డకి ఫిజియోథెరపీ ఏంటి అని మా అత్తయ్యగారు ఫోన్‌లో ఒకటే కంగారు పడ్డారు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనుమానం. ఫిజియో అంటే మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి కరెంటు పెట్టడమే అప్పటిదాకా చూసింది.

మొదటి రోజు ఫిజియో మేడం అసలు మెడ ముట్టుకోలేదు. కింద చాప మీద పడుకోబెట్టమని, మేం తెచ్చిన ఏటికొప్పాక లక్క గిలక తీసుకుని పాప ముఖానికి జానెడు పైన పట్టుకుని ఎడమ నుంచి కుడికి చాలా నెమ్మదిగా జరిపారు. ఎడమ వైపు నుంచి మధ్య దాకా తల గిలకతో పాటే వచ్చింది. మధ్య దాటాక తల అక్కడే ఆగిపోయింది, కళ్ళు మాత్రం గిలక వెంట కుడి చివరికంటా వెళ్ళాయి. నుదురు ముడతలు పడేలా ప్రయత్నిస్తోంది, ముఖం ఎర్రబడింది, తల మాత్రం రావట్లేదు. "చూశారా అమ్మా, చూడాలని ఉంది, తిప్పలేకపోతోంది" అన్నారు మేడం. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. తర్వాత తల వెనక చూపించారు. ఎప్పుడూ ఎడమకే తిరిగి పడుకోవడంతో వెనక ఎడమ వైపు తల చదునైపోయింది, ఎడమ చెవి కుడి దానికన్నా కాస్త ముందుకి జరిగింది. పై నుంచి చూస్తేగానీ తెలియదు.

స్ట్రెచింగ్‌కి ఇద్దరు కావాలి. నేను కుడి భుజం పైకి లేవకుండా మెత్తగా అదిమి పట్టుకుంటే, అమ్మ రెండు చేతులతో తల పట్టుకుని ఎడమ చెవిని ఎడమ భుజం వైపు మెల్లగా వంచి 30 సెకన్లు ఉంచేది. ఆ తర్వాత గడ్డాన్ని కుడి భుజం వైపు తిప్పి ఇంకో 30 సెకన్లు. బలం పెట్టకూడదు. బిడ్డ ఎదురు బిగిస్తే ఆపేయాలి, ఊపిరి ఇబ్బంది పడినా, రంగు మారినా వెంటనే వదిలేయాలి. పాలు తాగిన వెంటనే వద్దు, డైపర్ మార్చిన ప్రతిసారీ చేస్తే గుర్తుంటుంది అన్నారు. మొదట్లో రాగం తీసేది. అమ్మ చేతులు వణికేవి. మా అమ్మకి కన్నీళ్ళు, పిల్లకి కన్నీళ్ళు, మధ్యలో నేను గట్టిగా అంకెలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. ఓ పది రోజులకి అమ్మ పాట పాడుతూ చేయడం మొదలుపెట్టాక పిల్ల ఏడుపు సగం తగ్గింది.

కానీ ఆ స్ట్రెచింగ్ రోజు మొత్తంలో కాసేపే. మిగతా రోజంతా ఎలా ఎత్తుకుంటున్నాం, ఎటు పడుకోబెడుతున్నాం, ఎటు నుంచి పలకరిస్తున్నాం అన్నదే అసలు వైద్యం అని మేడం మొదటి రోజే చెప్పారు, నేను ఈరోజు అందరికీ చెప్పేది కూడా అదే. మంచం మీద పడుకుంటే కిటికీ తనకి ఎడమ వైపు పడేది, తల పెట్టే వైపు కాళ్ళు పెట్టేలా మార్చేశాం, ఇప్పుడు వెలుతురు కుడి వైపు. అందరం కుడి వైపు కూర్చునే మాట్లాడాలి, గిలక కుడి వైపే. ఎత్తుకునేటప్పుడు పిల్ల వీపు నా పొట్టకి ఆనించి, కుడి పక్కకి వాల్చి, నా కుడి ముంజేయి పాప కుడి చెవికీ భుజానికీ మధ్య ఉండేలా పెట్టుకుని, ఎడమ చెయ్యి కాళ్ళ మధ్య నుంచి పట్టుకోవాలి. అలా పట్టుకుని వీధి గుమ్మంలో నిలబడితే తను రోడ్డు చూసుకుంటూ ఉంటుంది, మెడ సాగడం సాగుతూనే ఉంటుంది, ఏడుపు లేదు. ఎడమ వైపు పాలివ్వడం కూడా ఎక్సర్‌సైజే అయింది. చీర ఉయ్యాల బాగా తగ్గించేశాం, అందులో పిల్ల ఒకే వైపుకి ముడుచుకుపోతుంది. తల గుండ్రంగా వస్తుందని మా పిన్ని కుట్టిచ్చిన ఆవాల దిండు కూడా తీసేయమన్నారు, పసిపిల్లలు నిద్రపోయే చోట దిండ్లు, మెత్తటి గుడ్డలు ఉంటే ముక్కు మూసుకుపోయే ప్రమాదం ఉందట.

ఇక బోర్లా పడుకోబెట్టడం. దీన్ని టమ్మీ టైమ్ అంటారు. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలే, అందులో మార్పు లేదు. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, బోర్లా. ఏడాది లోపు, ఇంకా కదలలేని పిల్లలకి రోజు మొత్తం మీద విడతలుగా కనీసం 30 నిమిషాలు ఇలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మా పాప మొదట్లో అర నిమిషం కూడా ఉండేది కాదు, ముక్కు చాపకి రాసేసి గోల. ఇంటికి నీళ్ళు పోయడానికి వచ్చే మామ్మగారు ఇదంతా చూసి, "ఇంతోటి దానికి గుంటూరు దాకా ఎందుకమ్మా, నేను రోజూ చేసేది అదేగా" అన్నారు. నిజమే కదా! పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తారు, పిల్ల తల ఎత్తుతుంది, మెడ గట్టిపడుతుంది. మేడంకి చెప్తే ఎంత సంతోషించారో, అది ఆపొద్దు, ఇంకాసేపు ఉంచమనండి అన్నారు. కానీ అదే మామ్మగారు "నాలుగు తిప్పులు తిప్పితే మెడ పట్టు వదులుతుంది" అని చెయ్యి వేయబోతే మాత్రం అమ్మ గట్టిగా అడ్డం పడింది. పసిబిడ్డ మెడ విరిచినట్టు తిప్పడం చాలా ప్రమాదం. దయచేసి ఎవరు ఎంత అనుభవజ్ఞులైనా ఆ పని చేయనివ్వకండి.

నా కోపం సంగతి చెప్తానన్నాను కదా. అమెరికాలో పిల్లల ఫిజియోథెరపిస్టుల సంస్థ 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, నెల లోపు మొదలుపెడితే 98 శాతం పిల్లలకి నెలన్నరలోనే మెడ దాదాపు మామూలుగా తిరుగుతుంది. నెల దాటాక మొదలుపెడితే సుమారు 6 నెలలు పట్టొచ్చు. 6 నెలలు దాటాక అయితే 9, 10 నెలలు, అప్పటికీ పూర్తిగా సరయ్యే పిల్లల సంఖ్య తగ్గుతూ పోతుంది. సరవ్వని కొద్దిమందికి తర్వాత ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి రావచ్చు. అంటే ఇక్కడ "చూద్దాంలే" అన్న మాట ఖరీదు వారాల్లో కాదు, నెలల్లో ఉంటుంది.

అయిదో నెలలో బోర్లా పడింది. మా ఇంట్లో బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగేస్తే అరిసెలు, కాబట్టి అత్తయ్యగారు హైదరాబాద్ నుంచి బొబ్బట్లు చేసుకుని మరీ వచ్చారు. అప్పటికి రేగిపండంత ఉన్నది తడిమితే దొరకనంతగా కరిగిపోయింది, తల కుడికి ముప్పాతిక వంతు తిరుగుతోంది. కానీ పిల్ల ఒక్క వైపు నుంచే బోర్లా పడుతోందని మేడం గమనించారు. మెడ బిగుతు మెడ దగ్గరే ఆగదట, ఒంటి సగాన్ని తక్కువ వాడటం అలవాటైపోతుంది. అందుకని రెండో వైపు దొర్లించడం, ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒంటిని కుడికి నెమ్మదిగా వాలిస్తే తల నిటారుగా పెట్టుకోవడానికి ఎడమ వైపు కండరాలు పనిచేయడం, ఇలాంటివి మొదలయ్యాయి. సాగదీయడం ఒక ఎత్తు, బలం తెప్పించడం ఇంకో ఎత్తు.

ఆరో నెలలో హైదరాబాద్ వచ్చేశాం. ఇక్కడ స్ట్రెచింగ్‌కి రెండో మనిషి మా ఆయనే. ఆఫీసు నుంచి రాగానే చేతులు కడుక్కుని నేల మీద పడుకునేవారు, పిల్ల ఆయన ఛాతీ మీద బోర్లా. కుడి వైపు నుంచి ముఖం పెట్టి "బంగారూ" అంటే తల ఎత్తి అటు చూసేది. నా మణికట్లు నొప్పులతో లేవని రోజుల్లో మొత్తం ఆయనే చూసుకున్నారు.

దోగాడేటప్పుడు కొన్నాళ్ళు ఒక మోకాలు ఆనించి, రెండో కాలు పాదం మీద పెట్టి కుంటినట్టు వెళ్ళేది. దిండ్లు అడ్డం పెట్టి వాటి మీద నుంచి ఎక్కించడం, బొమ్మలు కాస్త ఎత్తులో పెట్టి మోకాళ్ళ మీద నిలబెట్టడం చేయించారు. అందరి పిల్లలూ ఒకేలా కదలరనీ చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ఇచ్చిన లెక్కల్లో నాలుగు శాతం పైగా పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద అసలు దోగాడనే లేదు. సొంతంగా నడవడం కూడా 8 నెలల నుంచి దాదాపు 18 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అందుకే పక్కింటి పిల్లతో పోల్చుకుని టెన్షన్ పడొద్దు. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకి ఆధారం లేకుండా కూర్చోకపోయినా, ఏడాది లోపే ఒక్క చెయ్యే వాడుతున్నా, ఒళ్ళు మరీ బిగుసుగా గానీ మరీ వదులుగా గానీ అనిపించినా అప్పుడు మాత్రం ఆగకండి.

మధ్యలో ఎవరో వాకర్ బహుమతిగా తెచ్చారు, చక్రాలున్న కుర్చీలో పిల్లని దించేది. అందులో కూర్చుంటే నడక తొందరగా రాదు, పైగా పడిపోయే ప్రమాదం, కెనడాలో అయితే 2004లోనే వాటి అమ్మకం నిషేధించారు. మన మూడు చక్రాల చెక్క బండి నయం అన్నారు మేడం, అది తోయాలంటే పిల్ల తన కాళ్ళ మీద తను నిలబడాలి కదా. పక్కన మనిషి ఉంటే చాలు.

ఫీజుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నెలల తరబడి వెళ్ళడం అందరికీ కుదరదు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకి లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం చూసి ఉచితంగా వైద్యం చేస్తారు. దానికోసం జిల్లా స్థాయిలో డైక్ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అని పిలిచే కేంద్రాలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో పెట్టారు, అక్కడ ఫిజియోథెరపిస్టు కూడా ఉంటారు. ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితే దారి చెప్తారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మనవడు నెలలు తక్కువగా పుట్టాడు, మెడ నిలవట్లేదని వాళ్ళు దిగులు పడుతుంటే అక్కడికి వెళ్ళమన్నాం. ఇప్పుడు వాడు గోడ పట్టుకుని నిలబడుతున్నాడు.

మా పాప పదమూడో నెలలో నడిచింది. మెడ రెండు వైపులా సమానంగా తిరుగుతోంది. తల వెనక చదును చాలావరకు సర్దుకుంది, తల ఆకారం సరిచేయడానికి పెట్టే హెల్మెట్ అవసరం రాలేదు, మిగిలిన కాస్త జుట్టులో కనపడట్లేదు. జ్వరం వచ్చినప్పుడు, బాగా అలసిపోయినప్పుడు మాత్రం తల మళ్ళీ కొద్దిగా కుడికి వాలుతుంది. అది మామూలే, ఓ వారం స్ట్రెచింగ్ చేసి చూడండి, తగ్గకపోతే తీసుకురండి అన్నారు. పోయిన నెల జలుబు చేసినప్పుడు అలాగే వాలింది, చేశాం, తగ్గింది. రెండేళ్ళు నిండాక ఇంకోసారి చూపించమన్నారు, అది సంక్రాంతి అయ్యాక.