డెప్రికేషన్ వార్నింగులు: పాత వెర్షన్‌లో ఉండగానే తీర్చాల్సిన పని

పైతాన్ కొత్త వెర్షన్‌కు మారగానే ప్రోగ్రామ్ ఆగిపోయిందంటే, చాలాసార్లు ఆ సంగతి పాత వెర్షన్ డెప్రికేషన్ వార్నింగ్‌తో, అంటే ఇది త్వరలో తీసేస్తామనే హెచ్చరికతో, ముందే చెప్పి ఉంటుంది. మ్యాపింగ్ లాంటి క్లాసులు 2012లో వచ్చిన 3.3లోనే కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి కలెక్షన్స్.ఏబీసీలోకి వెళ్లాయి. పాత ఇంపోర్టుకు 3.7 నుంచి వార్నింగ్ వచ్చేది. 2021లో 3.10 వచ్చినప్పుడు ఆ దారి మూసేశారు. అంత గడువున్నా ఎందరికో అది హఠాత్తుగా జరిగినట్టే అనిపించింది. ఎందుకంటే డెప్రికేషన్ వార్నింగ్ మామూలుగా తెరమీదకు రాదు. నేరుగా రన్ చేసిన ఫైల్‌లో పుట్టినదే కనిపిస్తుంది, ఇంపోర్ట్ చేసుకున్న మాడ్యూళ్లలో పుట్టింది దాగిపోతుంది.

కాబట్టి ముందు వాటిని బయటికి రప్పించాలి. పైతాన్‌ను ఎక్స్ ఫ్లాగ్‌కు డెవ్ అని ఇచ్చి నడిపినా, డబ్ల్యూ ఫ్లాగ్‌కు డిఫాల్ట్ అని ఇచ్చినా చాలు. టెస్టులు నడిపే పైటెస్ట్ అయితే చివర్లో తనే జాబితా చూపిస్తుంది. టెస్టులు తాకని కోడ్‌లో ఉన్నవి మాత్రం అందులోకి రావు.

ఇక్కడ ఒక చిక్కుంది. స్ట్రింగ్‌లో బ్యాక్‌స్లాష్ డి లాంటి చెల్లని ఎస్కేప్‌కు వార్నింగ్ కంపైల్ అయ్యేటప్పుడే వస్తుంది. క్యాష్‌లో పీవైసీ ఫైల్ (ముందే కంపైల్ చేసి దాచినది) ఉంటే రెండోసారి రాదు. అది చూసి సమస్య పోయిందనుకోకండి. పైతాన్‌తో వచ్చే కంపైల్‌ఆల్ మాడ్యూల్‌ను ఎఫ్ ఫ్లాగ్‌తో నడిపితే అన్ని ఫైళ్లూ మళ్లీ కంపైల్ అవుతాయి. దిద్దడానికి స్ట్రింగ్ ముందు ఆర్ పెడతారు. కానీ అదే స్ట్రింగ్‌లో బ్యాక్‌స్లాష్ ఎన్ కూడా ఉంటే అది ఇక కొత్త లైన్ కాదు, రెండు అక్షరాలుగా మిగులుతుంది. రెజెక్స్‌లో (టెక్స్ట్ వెతికే నమూనాలో) ఫర్వాలేదు, తెరమీద చూపే సందేశంలో తప్పవుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది ప్రస్తుత యూటీసీ సమయం ఇచ్చే యూటీసీనౌ మార్పు. 3.12 నుంచి దానికి వార్నింగ్ వస్తోంది. బదులుగా నౌ అనే ఫంక్షన్‌కు టైమ్‌జోన్.యూటీసీ ఇవ్వమంటారు. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అయిపోయే పని కాదిది. పాతదానికి టైమ్‌జోన్ ఉండదు, కొత్తదానికి ఉంటుంది. రెంటిలో ఏది ముందో పోల్చినా, ఒకదాన్నుంచి మరొకటి తీసివేసినా టైప్ఎర్రర్ వస్తుంది. సమానమా అని అడిగితే ఏ ఎర్రరూ లేకుండా ఫాల్స్ వస్తుంది, ఇదే ఎక్కువ ప్రమాదం. తేదీని టెక్స్ట్‌గా మార్చే ఐసోఫార్మాట్ చివర జెడ్ అతికించే కోడ్ ఉంటే, ఇప్పుడు ప్లస్ 00:00 తర్వాత జెడ్ పడి చెల్లని తేదీ తయారవుతుంది. డేటాబేస్‌లో పాత తేదీలు టైమ్‌జోన్ లేకుండా ఉంటే, ముందుగా కొత్త విలువలో రీప్లేస్‌తో టీజెడ్ఇన్ఫోను నన్ చేయండి. ప్రవర్తన పాతదానిలాగే ఉంటుంది, అసలు మార్పు నిదానంగా చేసుకోవచ్చు. డేట్‌టైమ్.యూటీసీ అనే పొట్టి పేరు 3.11లోనే వచ్చింది. అంతకన్నా పాత వెర్షన్‌లోనూ నడవాలంటే టైమ్‌జోన్.యూటీసీ అనే రాయండి.

ఇంప్, డిస్ట్‌యుటిల్స్ అనే పాత మాడ్యూళ్లు 3.12లో పోయాయి. ఇంప్‌కు బదులు ఇంపోర్ట్‌లిబ్ పాత వెర్షన్లలోనూ ఉంది కాబట్టి వాయిదా వేయడానికి కారణమే లేదు.

జాబితా ఖాళీ అయ్యాక పైటెస్ట్ సెట్టింగుల్లోని ఫిల్టర్‌వార్నింగ్స్‌లో డెప్రికేషన్ వార్నింగ్‌ను ఎర్రర్‌గా మార్చండి. ఇక కొత్తది ఒక్కటి చేరినా టెస్ట్ విఫలమవుతుంది. మన చేతిలో లేని లైబ్రరీ నుంచి వచ్చేదానికి సందేశం, మాడ్యూల్ పేరు రెండూ ఇచ్చి, ఆ ఒక్కదాన్నే వదిలేయమని దాని కింద లైన్‌లో రాయాలి, ఎందుకంటే కింద ఉన్న నియమానిదే పైచేయి. కమాండ్‌లైన్ డబ్ల్యూ ఫ్లాగ్‌లో మాత్రం మాడ్యూల్ పేరు పూర్తిగా సరిపోవాలి. ప్యాకేజీ పేరిస్తే దాని లోపలి మాడ్యూళ్లకు వర్తించదు.

మీరే లైబ్రరీ రాస్తుంటే, వార్న్ పిలిచేటప్పుడు స్టాక్‌లెవెల్ 2 ఇవ్వండి. లేకపోతే వార్నింగ్ మీ ఫైల్ లైన్‌ను చూపిస్తుంది, మీ ఫంక్షన్‌ను నేరుగా తమ స్క్రిప్ట్‌లో వాడుతున్నవారికి అసలు కనిపించదు. ఏ వెర్షన్‌లో తీసేస్తారో, బదులు ఏం వాడాలో ఆ సందేశంలోనే రాయండి.