పాత పెట్రోల్ కారులో ఎయిర్ లీక్ ఎక్కడుందో పట్టుకోవడం

పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడవడం) ఊగుతుంది, ఇంజన్ వేడెక్కాక కాస్త సర్దుకుంటుంది, స్కానర్ పెడితే పీ0171 (మిశ్రమంలో పెట్రోల్ తక్కువ) కోడ్ వస్తుంది. ఈ మూడూ కలిసినప్పుడు చాలామంది ముందుగా ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తారు. ఆ సెన్సార్ చెప్పేది మాత్రం ఉన్న మాటే: మిశ్రమంలో పెట్రోల్‌కి తగినదానికన్నా గాలి ఎక్కువైంది. పాత కార్లలో ఆ అదనపు గాలి తరచుగా దూరేది ఎండిపోయి పగిలిన రబ్బరులోంచి, లేదా నలిగి కూర్చుండిపోయిన గ్యాస్కెట్ (రెండు భాగాల మధ్య సీలు) పక్కనుంచి. అందుకే లీక్ కళ్లతో చూసేదాకా ఒక్క పార్టూ కొనకండి.

బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి ఉండాలి. మాఫ్ సెన్సార్ ఉన్న కారులో లోపలికొచ్చే గాలిని అదే కొలుస్తుంది, ఆ కొలతను బట్టి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ వేస్తుంది. సెన్సార్ దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు. ఆ లోటు పూడ్చడానికి ఈసీయూ ఎంత అదనపు పెట్రోల్ వేస్తోందో స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ రూపంలో కనిపిస్తుంది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పటి సర్దుబాటు), లాంగ్ టర్మ్ (నిలకడైన సర్దుబాటు) రెండూ కూడుకుని చూడండి. అటూ ఇటూ 5 శాతం లోపుంటే బాధ లేదు, 10 దాటితే వెతకడం మొదలుపెట్టాలి.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం పట్టి ఉంచి మరోసారి ఆ అంకె రాసుకోండి. ఐడ్లింగ్‌లో +18, 2500 దగ్గర +4 వచ్చిందనుకుందాం. అది ఎయిర్ లీక్ లక్షణమే. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంజన్ పీల్చే మొత్తం గాలి కొంచెమే, ఆ కొంచెంలో పగులులోంచి వచ్చేది పెద్ద వాటా. రేస్ చేస్తే పీల్చే గాలి కొన్ని రెట్లు పెరుగుతుంది, పగులు మాత్రం అంతే ఉంటుంది, దాని వాటా పడిపోతుంది. ఇందుకు తిరగబడి, ఐడ్లింగ్‌లో బాగానే ఉండి లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ ఎక్కుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, మురికి పట్టిన మాఫ్ సెన్సార్ వైపు చూడాలి. ఒక మినహాయింపు ఉంది. మాఫ్‌కీ థ్రాటిల్ బాడీకీ మధ్యనుండే మడతల రబ్బరు గొట్టం పగిలితే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మౌంట్ల మీద కదిలి ఆ పగులు ఇంకా తెరుచుకుంటుంది. అప్పుడు ఐడ్లింగ్‌లో అంకెలు బాగానే ఉండి, బండి లాగేటప్పుడే కుదుపు వస్తుంది.

మాఫ్ లేకుండా మ్యాప్ సెన్సార్‌తో నడిచే కార్ల తీరు వేరు. వాటిలో మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) లోపలి పీడనాన్నే కొలుస్తారు కాబట్టి, దొంగతనంగా వచ్చిన గాలికీ పెట్రోల్ పడిపోతుంది. ట్రిమ్ సున్నా దగ్గరే ఉండొచ్చు, ఐడ్లింగ్ మాత్రం పెరిగి పీ0507 (ఐడ్లింగ్ ఎక్కువ) కోడ్ రావచ్చు. ఐడ్లింగ్‌కి గాలి ఇచ్చే ఐడిల్ వాల్వ్ పూర్తిగా మూసుకున్నా ఆర్‌పీఎం దిగకపోతే గాలి మరో దారిన వస్తోందని అర్థం. లీక్ ఒక్క సిలిండర్ దారిలోనే ఉంటే ఆ సిలిండరే మిస్ అవుతుంది. ట్రిమ్ బాగుంది కదా అని ఈ రకం కారులో లీక్ లేదనుకోవద్దు. కార్బురేటర్ బండికి స్కానర్ ఎలాగూ ఉండదు, దానికి వాక్యూమ్ గేజే దిక్కు. సముద్రమట్టం దగ్గర ఐడ్లింగ్‌లో ముల్లు 17 నుంచి 21 పాదరస అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి.

వెతకడం చేతులతో, టార్చితో మొదలుపెట్టండి. మడతల గొట్టాన్ని పైనుంచి చూస్తే చాలదు. క్లిప్ వదులు చేసి బయటికి తీసి, రెండు చేతులతో సాగదీసి ఒక్కో మడత లోయనూ విప్పి చూడాలి. పగుళ్లు దాదాపు ఎప్పుడూ కింది వైపు, మడత లోపలే ఉంటాయి, వదిలేస్తే మూసుకుపోయి సన్నటి గీతలా కూడా కనిపించవు. తర్వాత పీసీవీ హోస్, అంటే ఇంజన్ అడుగు గది (క్రాంక్‌కేస్) ఆవిరిని మ్యానిఫోల్డ్‌లోకి పంపే గొట్టం. నూనె ఆవిరికి అది లోపలినుంచి మెత్తబడి, మలుపు దగ్గర జిగురు జిగురుగా చీలుతుంది. వాడని పోర్టులకు తొడిగే చిన్న రబ్బరు టోపీలను, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ హోస్‌ని మర్చిపోకండి. మాఫ్ కారులో డిప్‌స్టిక్ ఓ-రింగ్, ఆయిల్ మూత రబ్బరు సరిగా కూర్చోకపోయినా లీకే, క్రాంక్‌కేస్‌లోకి దూరిన గాలిని పీసీవీ మ్యానిఫోల్డ్‌లోకి లాగేస్తుంది కాబట్టి.

మ్యానిఫోల్డ్ వాక్యూమ్‌తో బ్రేక్ పెడల్‌కి బలం చేర్చే బ్రేక్ బూస్టర్‌ని విడిగా చూడాలి, ఇది భద్రతకు సంబంధించింది. ఇంజన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కి, గట్టిగా నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. తర్వాత నడుస్తున్న ఇంజన్‌తో పెడల్ నొక్కి ఉంచి ఆపేయండి, అర నిమిషం దాకా పెడల్ పైకి రాకూడదు. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ పరీక్ష ఇంకా సులువు: చల్లటి ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా క్యానిస్టర్ (ఆ ఆవిరిని పట్టి ఉంచే డబ్బా) వైపు హోస్ తీసి వాల్వ్ మూతికి వేలు అడ్డం పెట్టండి. వేలిని లాగుతుంటే వాల్వ్ తెరుచుకుని బిగుసుకుపోయింది.

కంటికి దొరకనిదాన్ని పొగ పట్టిస్తుంది. ఇంజన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ వైపు మూతిని గట్టిగా మూసేసి, మ్యానిఫోల్డ్‌లోని బ్రేక్ బూస్టర్ పోర్టు గుండా స్మోక్ మెషీన్ పొగ పంపాలి. పీడనం 1 పీఎస్‌ఐ లోపే ఉండాలి, ఎక్కువైతే బాగున్న సీళ్లు కూడా వదులుతాయి. అయిదు నిమిషాలు ఆగి, మ్యానిఫోల్డ్ కింద అద్దం పెట్టి టార్చి వేయండి. సైలెన్సర్‌లోంచి పొగ వస్తే కంగారు పడకండి, ఏదో సిలిండర్‌లో రెండు వాల్వులూ కొద్దిగా తెరిచి ఉన్నాయంతే. క్రాంక్ పుల్లీని కొంచెం తిప్పితే ఆగుతుంది.

స్మోక్ మెషీన్ లేనివాళ్లు కార్బురేటర్ క్లీనర్ కొట్టి ఆర్‌పీఎం చూస్తారు. నాకైతే వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే స్ప్రే కొట్టడం ఇష్టం లేదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అసలే వద్దు, అది కాలితే విషవాయువు పుడుతుంది. సీసాతో సన్నగా నీళ్లు చిమ్మితే చాలా లీకులు బయటపడతాయి: నీరు పగులుని క్షణం పాటు మూయగానే ఐడ్లింగ్ మారుతుంది, చప్పుడూ మారుతుంది. కనెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్స్ మీద పడనివ్వకండి.

మడతల గొట్టానికి టేప్ చుట్టడం ఇంటికి చేరేదాకానే పనికొస్తుంది, నూనె ఆవిరికి అది ఊడుతుంది. కొత్తది వేయండి. హోసుల ఎంపికలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. సిలికాన్ హోస్ వేడిని తట్టుకుంటుంది కానీ నూనెకీ పెట్రోల్ ఆవిరికీ ఉబ్బుతుంది, పీసీవీకి, పర్జ్ లైనుకి వేయకూడదు. బూస్టర్‌కి లోపల దారపు అల్లిక ఉన్న వాక్యూమ్ హోసే కావాలి, మెత్తటిది వాక్యూమ్‌కి నలిగి మూసుకుపోతుంది. ఒక హోస్ పగిలిందంటే అదే వయసు, అదే వేడి తిన్న మిగతావీ దగ్గర పడ్డట్టే, అన్నీ ఒకేసారి మార్చడం మంచిది.

మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ మార్చాలంటే బ్యాటరీ నెగటివ్ తీసి, ఫ్యూయల్ ప్రెషర్ దించి మొదలుపెట్టండి. కొన్ని మ్యానిఫోల్డ్‌లలో కూలెంట్ దారులు ఉంటాయి, వాటికి ముందు కూలెంట్ వంచేయాలి. పోర్టుల్లో బట్ట కుక్కి, ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకండి. గ్రైండర్ డిస్క్ పెడితే ఆ పొడి బేరింగ్‌లను తినేస్తుంది. స్టీల్ స్కేలు నిలువునా ఆనించి ఫీలర్ గేజ్ దూర్చి చూడండి, చాలా ఇంజన్లకు 0.1 మి.మీ. దాకా వంపు సరే. బోల్టులు మధ్యనుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, ఆ ఇంజన్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించాలి. పొడి గ్యాస్కెట్ మీద సిలికాన్ పూయడం నేను ఒప్పుకోను: పెట్రోల్‌కి అది ఉబ్బి ఊడుతుంది, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సార్‌ని పాడుచేస్తుంది. ఇంజెక్టర్ ఓ-రింగులకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చుక్క రాసి, మెలితిప్పకుండా తిన్నగా నొక్కండి.

అయ్యాక కోడ్లు చెరిపి, ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకి ఐడ్లింగ్‌ని మళ్లీ నేర్పడం) చేయించి, ఒకటి రెండు రోజులు మామూలుగా నడిపాక మళ్లీ అవే రెండు చోట్ల ట్రిమ్ చూడండి. +18 కాస్తా +9 దగ్గర ఆగిపోతే రెండో లీక్ ఉన్నట్టు, పొగ మళ్లీ పెట్టాల్సిందే. పొగలో ఏమీ దొరక్కపోతే ముందు ఆక్సిజన్ సెన్సార్‌కి ఎగువన ఎగ్జాస్ట్ జాయింట్లు చూడండి. అక్కడి చిన్న పగులు కూడా ప్రతి పల్స్ మధ్యలో బయటి గాలిని లోపలికి లాక్కుని, అచ్చం ఎయిర్ లీక్ లాంటి అంకెలే చూపిస్తుంది.