సరే అనడం, ఒప్పుకోవడం

పదకొండు దాటింది. లైటు ఆర్పమని ఈయన రెండుసార్లు అన్నారు. పొద్దుటి సంగతి రాస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

లైబ్రరీలో నెలనెలా పెట్టే ముఖాముఖిలో ఈ ఆదివారం లా కాలేజీ మేడమ్ వంతు. మామూలే, నేను అడగాలి, వాళ్లు అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. విషయం మథుర కేసు. మహారాష్ట్ర దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో 1972 మార్చిలో మథుర అనే గిరిజన పిల్ల మీద జరిగిన అఘాయిత్యం. హైకోర్టు పోలీసులకి శిక్ష వేసింది. 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒంటిమీద గాయాల్లేవు, అరవలేదు, కాబట్టి బలవంతం లేదని.

మరుసటి ఏడాది సెప్టెంబరు 16న నలుగురు లా ప్రొఫెసర్లు, ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, చీఫ్ జస్టిస్‌కి బహిరంగ లేఖ రాశారు. సమ్మతి వేరు, లొంగిపోవడం వేరు అన్నది అందులో ప్రాణం. ఫుట్‌నోట్లతో ఒక వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు, అందరూ చదివేలా రాశారు. 1980లో ఆడవాళ్లు ఆ తీర్పు మీద రోడ్లెక్కారు. 1983లో చట్టమే మారింది. ఇదంతా మేడమ్ చెప్తుంటే హాల్లో ఒక్క కుర్చీ కదల్లేదు.

అప్పుడు నేనన్నాను, "అంటే ఇక ఆడపిల్ల కాదంటే చాలు, శిక్ష పడినట్టే కదా మేడమ్?"

"అలా అనకూడదండీ," అన్నారావిడ. అక్కడ మొదలైంది. సాక్ష్య చట్టం 114ఎ (1983లో చేర్చిన సెక్షన్, 2024 నుంచి కొత్త సాక్ష్య చట్టంలో 120), ప్రిసంప్షన్ అంటే కోర్టు ముందే అనుకోవడం, ఓనస్ అంటే రుజువు భారం, మళ్లీ ప్రిసంప్షన్. నేను తేలిక మాటల్లో అందుకోబోయిన ప్రతిసారీ "చిన్న కరెక్షన్" అంటారు. నాలుగుసార్లు, లెక్కపెట్టాను. రెండో వరసలో ఆయన ఫోన్ తీశాడు, వెనక ఇద్దరు లేచి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. మైకు పట్టుకున్న చెయ్యి వణికింది కూడా. పెద్ద చదువులు చదివినవాళ్లకి తప్పు దొర్లకూడదన్న టెన్షన్ తప్ప ఎదుటి మనిషికి అందిందా లేదా అన్నది పట్టదని దారంతా ఈయనతో అంటూనే వచ్చాను. అన్నం కూడా సహించలేదు.

ఇంతవరకూ రాసి 114ఎ మళ్లీ తీసి చదివాను. మేడమ్ చెప్పిందే సరైనది. అది అన్ని కేసులకీ కాదు, పోలీసు కస్టడీ లాంటి కొన్ని సందర్భాలకే పెట్టారు. జరిగిందన్నది ముందు రుజువు కావాలి. ఆ తర్వాత ఆమె తనకి ఇష్టం లేదని కోర్టులో చెప్తే, ఇష్టం లేదనే కోర్టు అనుకోవాలి. కాదని చూపించే భారం అవతలివాడిది. నా వాక్యం మోసుకుని అంతమంది ఇళ్లకి వెళ్లుంటే! రేపు ఎవరింట్లోనో నిజంగా అవసరం పడితే?

ఆవిడ తప్పు చెప్పనివ్వలేదు, అంతే. అయినా జనానికి అందలేదన్నదీ నిజమే.

నాన్న గుర్తొచ్చాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వేపచెట్టు కింద చాప, ఏటవాలు రాతబల్ల, ఊదారంగు స్టాంప్ ప్యాడ్. సెలవుల్లో క్యారియర్ తీసుకెళ్లేదాన్ని. ఒకసారి ఒకావిడ తన వాటా తమ్ముడికి రాసివ్వడానికి వచ్చింది. తమ్ముడు పక్కనే నిలబడ్డాడు. "నా పూర్తి ఇష్టముతో, ఎవరి బలవంతమూ లేకుండా" అని నాన్న దస్తావేజు చదువుతుంటే ఆవిడ ప్రతి ముక్కకీ "సరే అయ్యా" అంటోంది. నాన్న చదవడం ఆపి తమ్ముణ్ణి టీ తెమ్మని పంపాడు. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా, ఇందులో ఏముంది?" అన్నాడు. ఆవిడ బొటనవేలు అప్పటికే ప్యాడ్ మీద అద్దుకుని ఉంది. దాన్ని జుట్టుకి తుడుచుకుంది, మళ్లీ మళ్లీ తుడుచుకుంది. "వాడి ఎదురుగా ఏం చెప్పను అయ్యా" అంది.

నాన్న ఆ కాగితం పూర్తి చెయ్యలేదు. మర్నాడు పక్క చెట్టు కింద ఇంకొకరు రాశారని తెలిసింది. వేలిముద్ర పడింది.

మేడమ్ అరగంట చెప్పింది ఆ బొటనవేలిలో ఉంది. పొద్దున నాకెందుకు తట్టలేదో!

మంచి సంగతి ఒక్కటి. అత్తయ్య మధ్యలో లేచి "ఇది మన రమీజాబీ సంగతి లాంటిదే కదమ్మా?" అన్నారు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద జరిగిన అఘాయిత్యం అది. అప్పుడు అత్తయ్య హైదరాబాదులోనే ఉన్నారు, దాని మీద గొడవ, కర్ఫ్యూ అన్నీ చూశారు. మేడమ్ ముఖం వెలిగింది. "అవునండీ, సుప్రీంకోర్టు తీర్పూ అదే ఏడాది" అంటూ దిగొచ్చి అత్తయ్య పక్క కుర్చీలో కూర్చుని చెప్పారు. ఆ ఐదు నిమిషాల్లో ఒక్క ఇంగ్లీషు సెక్షన్ మాట రాలేదు.

బయటికొస్తుంటే అత్తయ్య అడిగారు, "ఆ మథుర ఆ లేఖ చదివిందా?" అని. పిల్లకి చదువు రాదు అత్తయ్యా అన్నాను. "మరి ఎవరైనా చదివి వినిపించారా?"

పొద్దున్నే మేడమ్‌కి ఫోన్ చెయ్యాలి. వచ్చే నెల ఆ లేఖ ఒక్కటే పెట్టుకుందాం, మీరు తెలుగులో వాక్యం వాక్యం చదవండి, నేను మధ్యలో మాట్లాడను అని చెప్తాను.