ప్రాగ్‌లో ఒక్క రాత్రి: వంద యూరోలు వెనక్కి రాబట్టిన వైనం

అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద నా దగ్గరికి వచ్చారు. ముగ్గురం బెర్లిన్ నుంచి వియన్నా వెళ్తూ మధ్యలో ప్రాగ్‌లో ఒక రాత్రి ఆగాం. విమానం కంటే బస్సు చవక, ఏకబిగిన కూర్చుంటే అమ్మకి కాళ్ళు వాస్తాయి, అందుకని. ఊరి అందం గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను రాసేది వంద యూరోల గురించి. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది.

ఫ్లోరెంత్స్ బస్టాండులో దిగి మెట్రో ఎక్కాం. అక్కడ మెట్రోకి గేట్లుండవు. టికెట్ కొని, లోపలికి వెళ్ళే దారిలో పసుపు రంగు పెట్టెలో పెడితే తేదీ, టైము పడతాయి. పడకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానాయే. మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. మూడు టికెట్లూ తానే పంచ్ చేసి, వెలుగులో పెట్టి చూసి మరీ ఇచ్చారు.

హాస్టల్లో ముగ్గురికీ ఒక గది దొరికింది. పాస్‌పోర్టులు తీసుకుని వివరాలు రాసుకున్నారు, ఇబ్బందేం లేదు. కాకపోతే మనిషికి రాత్రికి 50 క్రౌన్ల (చెక్ దేశంలో యూరోలు కాదు, డబ్బు క్రౌన్లే) చొప్పున సిటీ టాక్స్ కట్టాలట, కార్డు మెషీన్ పాడైందట, యూరోలు తీసుకోరట. సాయంత్రంలోగా క్రౌన్లు తెచ్చివ్వండన్నారు. అసలు తంటా అక్కడ మొదలైంది.

ఓల్డ్ టౌన్ స్క్వేర్ దగ్గర అమ్మకి బాత్రూం అవసరం వచ్చింది. అక్కడ 20 క్రౌన్లు. నేను అమ్మని నీడలో కూర్చోబెట్టేలోపే నాన్న పక్క సందులోకి వెళ్ళి 100 యూరోలు మార్చుకొచ్చేశారు. బోర్డు మీద ఇంతేసి అక్షరాలతో 'కమీషన్ 0%' అని ఉంటే ఎవరైనా వెళ్తారు. కమీషన్ తీసుకోని మాట నిజమే, కోత అంతా రేటులోనే ఉంది. యూరోకి పాతిక క్రౌన్ల దాకా రావాల్సింది, 18 చొప్పున 1,800 చేతిలో పెట్టారు. మన డబ్బులో రెండున్నర వేలకి పైనే గల్లంతు.

లెక్క చెప్పగానే నాన్న మొహం పాలిపోయింది. ఉద్యోగమంతా రోజూ వందలమందికి చిల్లరిచ్చి, ఏనాడూ డిపోలో షార్టేజీ కట్టని మనిషి. "పోనీలేమ్మా, పరాయి ఊరు" అన్నారు. నేను పోనివ్వలేదు. 2019 నుంచి చెక్ దేశంలో ఒక చట్టం ఉంది: 1,000 యూరోల లోపు మార్చుకున్నవాళ్ళు మూడు గంటల్లోపు అదే కౌంటరుకి వెళ్ళి, కారణం చెప్పకుండానే ఆ లావాదేవీ రద్దు చేసుకోవచ్చు. నాన్న ఏ కాగితమూ పారేయరు కాబట్టి రసీదు చొక్కా జేబులో భద్రంగా ఉంది.

కౌంటర్లో కుర్రాడు రసీదు చూడను కూడా చూడలేదు. "నో రిఫండ్" అన్నాడు. చట్టం అన్నాను. ఇంగ్లీష్ రాదన్నాడు. అప్పటిదాకా నా వెనకున్న అమెరికా జంటతో ఇంగ్లీషులో ఇకిలిస్తూ మాట్లాడినవాడే! రెండోసారి అడిగితే మేనేజర్ రేపొస్తాడన్నాడు. రేపటికి మూడు గంటలు దాటిపోతాయని వాడికీ తెలుసు. మూడోసారికి గాజు వెనక కర్టెన్ సర్రున లాగేశాడు. సందులో జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "వద్దే, పోలీసులొస్తే వీసాకి ఇబ్బందవుతుందేమో" అంటోంది. మన పెద్దవాళ్ళని బయటి దేశాల్లో ఇలాంటివాళ్ళు దోచుకునేది ఈ భయాన్ని చూసే.

ఈ కౌంటర్ల మీద అజమాయిషీ చెక్ నేషనల్ బ్యాంకుది. వాళ్ళ సైట్లో ఈ నిబంధన చెక్ భాషలో ఉంది. ఆ పేజీ తెరిచి ఫోన్ గాజుకి ఆనించి, కర్టెన్ తీసేదాకా తడుతూనే నిలబడ్డాను. తీశాక ఒకటే మాట అన్నాను: "మీ నేషనల్ బ్యాంకు ఆఫీసు 'నా ప్రీకొపే' అనే వీధిలోనే ఉంది, రసీదు ఫోటో అక్కడికి వెళ్తుంది." వాడు చదివాడు. ఇంగ్లీష్ తిరిగొచ్చింది. "ఓకే, 1,800 ఇవ్వండి."

మా దగ్గరున్నది 1,780. అమ్మ బాత్రూముకి 20 అయిపోయాయి కదా. ఆ 20 తగ్గించుకుని ఇవ్వవయ్యా అంటే ససేమిరా అన్నాడు, మొత్తం ఉంటేనే రద్దట. టైము చూసుకుంటూ ఏటీఎం కోసం పరుగు. సందుకొకటి కనిపించే రంగురంగుల ఏటీఎంల జోలికి పోకండి, అవీ ఈ కౌంటర్లకి అన్నదమ్ములే. బ్యాంకు బయట బ్యాంకుదే అయిన మెషీన్ వెతుక్కోండి. మీ కరెన్సీలోకి మార్చి చూపించమంటారా అని అడుగుతుంది, వద్దని నొక్కండి. 200 తీసుకొచ్చాను.

నాన్న నోట్లని నిలువుగా మడిచి వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగి గాజు కిందకి తోశారు. వెయ్యి, అయిదొందలు, రెండొందలు, ఇంకో రెండొందలు. వంద వెనక్కి రావాలి. వాడు "నో చేంజ్" అన్నాడు. డబ్బులు మార్చే కొట్లో చిల్లర లేదట! నాన్నకి అప్పటికి కండక్టర్ ఆవహించాడు. "చిల్లర లేకపోతే టికెట్ వెనకాల రాసిమ్మను, దిగేటప్పుడు తీసుకుంటాను" అని తెలుగులోనే గట్టిగా అన్నారు. ఏమర్థమైందో గానీ వాడు సొరుగు లాగి వంద కాగితం తీశాడు, దాంతోపాటు మా వంద యూరోలూ. ఆ యూరో నోటు మేమిచ్చింది కాదు, మూల చిరిగి ఉంది. నాన్న వేరేది ఇచ్చేదాకా కదల్లేదు.

ఈ గొడవలో స్క్వేర్‌లోని పాత గడియారం ఏడింటికి చూపించే బొమ్మలాట పోయింది. 1410 నాటి గడియారం, గంట గంటకీ పైన కిటికీలు తెరుచుకుని అపోస్తలులు (యేసు శిష్యులు) పన్నెండుగురి బొమ్మలూ వరసగా వచ్చిపోతాయి. ఎనిమిదింటికి చూశాం, నిమిషం కూడా ఉండదు. అమ్మకి అందులోని అస్థిపంజరం బొమ్మ గంట లాగడం ఒక్కటే నచ్చింది. చార్లెస్ బ్రిడ్జికి మాత్రం తెల్లవారుజామునే వెళ్ళండి, ముప్పై విగ్రహాలనీ తీరిగ్గా చూడొచ్చు. తొమ్మిది దాటితే తిరనాళ్ళే.

మిగిలిన 180లో హాస్టల్ వాళ్ళకి 150 కట్టాం. డబ్బు తీసుకున్న అమ్మాయి అప్పుడే వచ్చిన వేరే కుర్రాళ్ళ కార్డు అదే మెషీన్ మీద గీకింది. అడిగే ఓపిక లేక ఊరుకున్నాను. వియన్నాలో మళ్ళీ యూరోలే కాబట్టి ఆ ముప్పై క్రౌన్లతో బస్టాండులో నీళ్ళ సీసా కొన్నాం.