హోమ్‌స్కూలింగ్‌కి పర్మిషన్ ఎవరిస్తారు?

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించుకోవాలంటే పర్మిషన్ ఎక్కడ తీసుకోవాలి? ఎక్కడా లేదు. మన దేశంలో హోమ్‌స్కూలింగ్‌కి రిజిస్ట్రేషన్ లేదు, దరఖాస్తు ఫారం లేదు, ఏడాదికోసారి వచ్చి చూసే ఇన్‌స్పెక్టరూ లేడు. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసుకి వెళ్లి అడిగినా ఇవ్వడానికి వాళ్ల దగ్గర ఏ కాగితమూ ఉండదు. వినడానికి హాయిగానే ఉంటుంది గానీ చిక్కంతా అక్కడే ఉంది. ఎవరూ ఏదీ ఇవ్వరు కాబట్టి రేపు చూపించాల్సినవన్నీ తల్లిదండ్రులే కూడబెట్టుకోవాలి.

ముందు చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి వర్తిస్తుంది. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే శిక్ష ఏమిటో మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో కేసు నడుస్తున్నప్పుడు కేంద్రం మొదట ఇంటి చదువుకి అభ్యంతరం లేదన్నట్టు చెప్పి, ఆ తర్వాత మాట మార్చుకుంది. అందుకే ఇది నేరమూ కాదు, గుర్తింపు ఉన్న పద్ధతీ కాదు.

జరిమానా ఉన్నది వేరేచోట. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి, టీచర్ని పెట్టి, ఫీజు వసూలు చేస్తే దాన్ని గుర్తింపు లేని బడి అనే అవకాశం ఉంది. దానికి లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకి 10,000 దాకా అదనం. బోర్డు తగిలించి, పేరు పెట్టి, అడ్మిషన్లు అని ప్రకటించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

బడి మాన్పించేటప్పుడు టీసీ తప్పకుండా తీసుకోండి. దానితోపాటు స్టడీ సర్టిఫికెట్, ప్రోగ్రెస్ కార్డులు, పిల్లల పెన్ (శాశ్వత విద్యా సంఖ్య) నంబరు కూడా. దేశంలోని బళ్లు, పిల్లల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో ఆ నంబరు మీదే పిల్లల రికార్డంతా ఉంటుంది. పేరు తీసేశాక ఆ రికార్డు ఏ బడిలోనూ లేని పిల్లల కోసం ఆ పోర్టల్‌లోనే ఉండే డ్రాప్‌బాక్స్‌లోకి పోతుంది. రెండేళ్ల తర్వాత ఇంకో బడిలో చేర్పిస్తే వాళ్లు అక్కడి నుంచే లాక్కోవాలి. నంబరు తెలియక కొత్త ఎంట్రీ వేస్తే ఒకే పిల్లాడికి రెండు రికార్డులు తయారై, ఆధార్ దగ్గర ఇరుక్కుంటుంది.

ఇంటికి ఎవరూ రారనుకోకండి. బడి బయట పిల్లల సర్వేలో విద్యాశాఖ తరఫున పనిచేసే సీఆర్‌పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) వస్తారు. వాళ్ల ఫారంలో హోమ్‌స్కూలింగ్ అని గడి ఉండకపోతే బడి మానేసిన పిల్లల లెక్కలో రాసుకుంటారు. గొడవ పడి లాభం లేదు, వాళ్ల పని వాళ్లది. ఏ పుస్తకాలు చదివిస్తున్నారో, నెలనెలా ఏం పూర్తయిందో రాసిన నోటుబుక్కు, తేదీలు వేసిన వర్క్‌షీట్లు చూపిస్తే చాలావరకు మాట అక్కడితో అయిపోతుంది.

ఇక ప్రభుత్వ సాయం. ఇంటి దగ్గర చదువుకి చట్టంలోనే చోటున్నది ఒక్కరికే. తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి వద్దే విద్య ఎంచుకోవచ్చని 2012 సవరణ హక్కు ఇచ్చింది. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది: ఇంట్లో చదువుతున్నా బిడ్డ పేరు దగ్గర్లోని ప్రభుత్వ బడి రిజిస్టర్లో ఉండాలి. పేరు లేకపోతే ప్రత్యేక ఉపాధ్యాయులు ఇంటికి వచ్చే జాబితాలోకే ఎక్కరు. వైకల్య సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు పట్టుకుని మండల విద్యా వనరుల కేంద్రానికి గానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రానికి గానీ వెళ్లాలి. బడి చదువులకి కేంద్ర ప్రభుత్వ పథకమైన సమగ్ర శిక్షలో ఇలాంటి ఒక్కో బిడ్డకి ఏడాదికి 3,500 రూపాయల దాకా ఉంది. అది చేతికిచ్చే డబ్బు కాదు, పరికరాలు, థెరపీ లాంటివాటికి ఖర్చు పెట్టేది. ఆడపిల్లలకి మాత్రం నెలకి 200 చొప్పున 10 నెలలు స్టైపెండ్ విడిగా ఉంటుంది.

మిగతావాళ్లకి సాయం సున్నా. ఆంధ్రలో తల్లికి వందనం బడి హాజరుతో ముడిపడింది కాబట్టి రాదు. ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పులూ అంతే. ఇంటికొచ్చే ట్యూటర్‌కి కట్టిన ఫీజుని ఆదాయపు పన్ను మినహాయింపు కింద చూపించడమూ కుదరదు, ఆ మినహాయింపు స్కూలుకో కాలేజీకో కట్టిన ట్యూషన్ ఫీజుకే.

అసలు గేటు పదో తరగతి. అక్కడ కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ఉంది, మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలూ ఉన్నాయి. ఎన్‌ఐఓఎస్‌లో సెకండరీకి, అంటే పదో తరగతికి, 14 ఏళ్లు నిండాలి. ఎనిమిది పాసైన సర్టిఫికెట్ లేకపోయినా చదవడం, రాయడం వచ్చని స్వయంగా రాసిచ్చే ధ్రువీకరణ సరిపోతుంది. కనీసం ఒక భాషతో కలిపి 5 సబ్జెక్టులు పాసవ్వాలి. ఒకసారి రిజిస్టర్ అయితే 5 ఏళ్లు, 9 అవకాశాలు. తెలుగు మీడియం కూడా ఉంది. పాస్ మార్కు 33 శాతం, కానీ థియరీలో వేరుగా, ప్రాక్టికల్‌లో వేరుగా రావాలి. సైన్స్ థియరీలో 70 వచ్చినా ప్రాక్టికల్‌కి వెళ్లకపోతే ఆ సబ్జెక్టు మిగిలిపోయినట్టే. ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్లకి (టీఎంఏలు) 20 శాతం వెయిటేజీ ఉంటుంది. వాటిని ఎన్‌ఐఓఎస్ పోర్టల్‌లో గడువులోగా అప్‌లోడ్ చేయకపోతే పరీక్ష ఎంత బాగా రాసినా ఆ మేరకు తగ్గుతుంది.

సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు తేలికని గణితం వదిలేసేవాళ్లు ఉంటారు. తర్వాత ఇంజనీరింగ్ అంటే అప్పుడు మొత్తుకోవాలి. సీనియర్ సెకండరీలో (ఇంటర్ స్థాయిలో) కూడా 5 సబ్జెక్టులు లేకపోతే జేఈఈకి అర్హత రాదు. పుట్టిన తేదీ, పేరు ఇంటిపేరుతో సహా బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో అడ్మిషన్‌కి ముందే సరిచూసుకోండి. పదో తరగతి మెమోలో ఎలా పడితే అదే జీవితాంతం పాస్‌పోర్టు దాకా వెంటాడుతుంది.

చాలామందికి ఆలస్యంగా తట్టే విషయం స్థానికత, అంటే కాలేజీ సీట్లలో స్థానిక అభ్యర్థిగా లెక్కలోకి రావడం. ఇంటర్ తర్వాత కౌన్సెలింగ్‌లో ఆరు నుంచి పన్నెండు దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఇంట్లో చదివిన పిల్లలకి అవి ఉండవు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో దీనికి దారి ఉంది: ఏ విద్యాసంస్థలోనూ చదవని కాలం ఉంటే, అర్హత పరీక్షకి ముందు వరుసగా 4 ఏళ్లు ఆ ప్రాంతంలో నివాసం ఉన్నట్టు చూపించాలి. అంటే తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువీకరణ. దానికి ఆధారాలుగా ఆ ఏళ్ల కరెంటు బిల్లులు, అద్దె ఒప్పందాలు, రేషన్ కార్డు ఏడాదివారీగా ఫైల్లో పెట్టుకోండి. స్థానికత నిబంధనలు ఈమధ్య రెండు రాష్ట్రాల్లోనూ మారుతున్నాయి, మెడికల్ సీట్ల విషయంలో మరీను. అందుకని పిల్లలు తొమ్మిదో తరగతి వయసుకి వచ్చేసరికే ఆ ఏటి నోటిఫికేషన్ తెచ్చుకుని స్థానికత పేరా ఒకటికి రెండుసార్లు చదవాలి.

మధ్యలో మనసు మారితే తిరిగి బడిలో వేయొచ్చు. 14 ఏళ్లలోపు పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షన్ చెబుతుంది, కాబట్టి పదేళ్ల పిల్లని రెండో తరగతిలో కూర్చోబెట్టమంటే ఒప్పుకోనక్కర్లేదు. ప్రవేశానికి వడపోత పరీక్ష పెట్టడం 13వ సెక్షన్ ప్రకారం తప్పు. ప్రైవేటు బళ్లు పెడుతూనే ఉంటాయి, అది వేరే సంగతి.