మిద్దె మీద చలికాలం: చిక్కుడు, పేనుబంక, అక్షింతల పురుగులు

నవంబర్ మొదట్లో

చిక్కుడుకి ఎట్టకేలకు పూత వచ్చింది. వానాకాలమంతా తీగ పందిరెక్కి పక్కింటి గోడ దాకా పాకింది తప్ప ఒక్క పువ్వు లేదు. కింది వాటా పిన్నిగారు "ఎరువు ఎక్కువేశావేమో" అన్నారు కానీ, నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గానీ పూయదు. అంత ఓపిక లేనివాళ్ళకి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ ఉన్నాయి. పొట్టి రకాలు, పొద్దుతో పని లేదు, పందిరీ అక్కర్లేదు. నాకైతే నాటుకాయ వాసనే కావాలి.

ఖాళీ టబ్బుల్లో ముల్లంగి, పాలకూర, మెంతి చల్లాను. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి. ముల్లంగిని నారు పోసి నాటొద్దు, దుంప వంకరపోతుంది. గింజ అరంగుళం లోతున నేరుగా పెట్టి, మొలిచాక మూడు నాలుగంగుళాలకి ఒకటి ఉంచి మిగతావి పీకేయాలి. పీకినవి పప్పులోకి.

నవంబర్ చివర

అనుకున్నట్టే పేనుబంక, అంటే లేత కొసల రసం పీల్చే బుల్లి పురుగుల గుంపు, దిగింది. చిక్కుడు లేత కొసలకీ, పూకాడలకీ నల్లగా అంటుకుపోయింది. ముట్టుకుంటే జిగురు. వాటి మధ్య చీమలు తిరుగుతున్నాయంటే ఆ జిగురు కోసమే. అది తాగుతూ పేనుబంకకి కాపలా కాస్తాయి, తినడానికొచ్చే పురుగుల్ని తరిమేస్తాయి. అందుకే మందు జోలికి పోకుండా ముందు చీమల దారి మూశాను. మొదలు చుట్టూ ప్లాస్టర్ చుట్టి, దాని మీద పెట్రోలియం జెల్లీ రాశాను. నేరుగా కాండానికి రాయకూడదు. పందిరి తాడు గోడకి తగులుతున్న చోట కూడా రాయాలి, లేకపోతే అటునుంచి వచ్చేస్తాయి. మరీ గుబురుగా ఉన్న కొసల్ని తుంచి పారేశాను, మిగతా వాటికి పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టాను. నీళ్ళేవైనా పొద్దున్నే. సాయంత్రం తడిపితే చలికి రాత్రంతా ఆకు ఆరదు, తెగుళ్ళకి మనమే పిలుపు ఇచ్చినట్టు.

డిసెంబర్ నడుమ

పేనుబంకని తినే అక్షింతల పురుగులొచ్చాయి, అదే లేడీబర్డ్‌లు! నారింజ రంగు మీద వంకర నల్లచారల రకం. ఆకు అడుగున పసుప్పచ్చ గుడ్లు నిలువుగా, గుంపుగా పెట్టాయి. వీటి పిల్లల్ని చూసి చాలామంది భయపడి నలిపేస్తుంటారు. నల్లటి పొడవాటి ఒళ్ళు, మీద లేతరంగు మచ్చలు, ముందుకి పొడుచుకొచ్చిన ఆరు కాళ్ళు, అచ్చం బుల్లి మొసలి. ఒకదాన్ని కాసేపు గమనించాను. పేనుబంకని నోట కరిచి, రసం పీల్చి, తొక్క వదిలేసి పక్కదాని మీదికి పోయింది. అవి ఉన్నన్నాళ్ళూ వేపనూనె సీసా మూత తియ్యను, పడితే వాటికీ నష్టమే.

వంగ దగ్గర మాత్రం ఈ జాలి పనికిరాదు. అక్కడ కనబడే, ఒంటినిండా చిన్న చిన్న నల్లచుక్కలున్న అక్షింతల పురుగు ఆకు తినే జాతి. దాని పిల్లలు పసుపు రంగులో, ముళ్ళముళ్ళుగా ఉంటాయి, ఆకుని గీకి జల్లెడ చేస్తాయి. ఏరి సబ్బునీళ్ళలో వేయడమే.

ఇంకొకటి. పేనుబంకలో కొన్ని ఉబ్బి, గడ్డి రంగుకి తిరిగి, కదలకుండా ఉంటాయి. కొన్నిటి వీపున గుండ్రటి చిల్లు. బుల్లి కందిరీగ లోపల గుడ్డు పెడితే పిల్ల పెరిగి బయటికొచ్చిన గుర్తది. అలాంటి ఆకులు కోయకండి.

జనవరి

ముల్లంగి అయిపోయింది. చిక్కుడు వారానికి రెండు కోతలు. సంక్రాంతికి ఇంట్లో కొన్న కూర లేదు, ఇది కాస్త గొప్ప కోసమే చెబుతున్నాను. రథసప్తమికి రథం చేయడానికి కాయలూ, పరమాన్నం పెట్టడానికి ఆకులూ ఇప్పటికే నలుగురు అడిగారు.

మందార దగ్గరికొచ్చే తేనెపిట్ట మగదానికి డిసెంబర్‌లో గొంతు నుంచి పొట్ట దాకా ఒక్క నల్ల చారే ఉండేది, పొట్ట వైపు మిగతాదంతా పసుపే. ఇప్పుడు తల మీద, రెక్కల మీద అతుకులు వేసినట్టు నీలం మెరుపు తేలుతోంది.

ఈ వారం పనులు: బలమైన తీగ మీద కొన్ని కాయల్ని విత్తనానికి వదిలేయాలి, ఎండాక గింజల్ని బూడిదలో కలిపి డబ్బాలో పోయాలి. ముల్లంగి టబ్బుల్లో పాత మట్టి ఎండబెట్టి, ఎరువు కలిపి బెండ, గోరుచిక్కుడు గింజలు వేయాలి.